చీమల డాక్టరు, చీకటి తెర

చీమల డాక్టరుగారికి ఉన్నది ఒకటే పిచ్చి. లోకంలో ఏ యంత్రం ఆగిపోయినా దాన్ని ఆపింది చీమే అంటారు. మిక్సీ తిరగకపోతే అందులో చీమ దూరింది. ఫ్యాను తిరిగినా గాలి రాకపోతే దానికి చీమ పట్టింది. గోడ గడియారం ఆలస్యంగా నడుస్తుంటే పెద్ద ముల్లు మీద చీమ ఎక్కి కూర్చుంది, ముల్లు పాపం ఆ బరువు మోయలేకపోతోంది. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని పెద్దవాళ్ళంటారు గాని, ఆయన ఉండే బజారులో మాత్రం చీమ ఆజ్ఞ లేనిదే బల్బయినా మాడదు.

నిజానికి ఆయన చెడిపోయిన వస్తువులు బాగుచేసే మనిషి. బట్టల దుకాణం మెట్ల కింద, నిలబడితే తల తగిలే జాగాలో ఆయన కొట్టు. పొట్టిగా, గుండ్రంగా ఉంటారు కాబట్టి ఆయన తల తగలదు, వచ్చినవాళ్ళ తల తగులుతుంది. డాక్టరు బిరుదు జనం వేళాకోళానికి తగిలించింది. ఆయన దాన్ని సన్మానం కింద జమకట్టుకుని, ఎవరు పిలిచినా నాడి చూడ్డానికి వచ్చినంత గంభీరంగా వస్తారు. రాగానే కూర్చోవడానికి స్టూలు, తాగడానికి మంచినీళ్ళు, ఆపైన నిశ్శబ్దం అడుగుతారు. చీమ చిటుక్కుమన్నా వినపడాలంటారు. మనం మాటవరసకి అనుకునే మాట అది. ఆయనకి అది వైద్యపరీక్ష.

పని అయ్యాక పటకారుతో ఒక చచ్చిన చీమను తెల్లకాగితం మీద పెట్టి, అందరికీ చూపించి, "ఇదిగో ముద్దాయి" అంటారు. వస్తువు ఎవరు ముట్టుకున్నారని అడగరు. ఎవరైనా చెప్పబోయినా వినరు. చీమ దొరికాక ఇక సాక్షులెందుకని ఆయన వాదన.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర రోగులు కూర్చునే కుర్చీ పైకి లేచి, మరి దిగనంది. అందులో పోస్టుమాస్టరు నోరు తెరుచుకుని, కాళ్ళు తలకన్నా ఎత్తులో పెట్టుకుని పడుకుని ఉన్నాడు. చీమల డాక్టరుగారు కుర్చీ కింద దూరి, అక్కడినుంచే ఉపన్యాసం మొదలుపెట్టారు. ఎర్రచీమకి తీపి కావాలి, నల్లచీమకి వెచ్చదనం కావాలి, మోటారు ఉన్న కుర్చీ వెచ్చగా ఉంటుంది, అందుచేత పళ్ళ ఆసుపత్రి అంటే నల్లచీమకి ప్రాణం అన్నారు. పోస్టుమాస్టరు నోటినిండా దూది ఉండడంతో కాదనలేకపోయాడు. కాసేపటికి కుర్చీ దిగింది, చీమ కాగితం ఎక్కింది. కొత్తగా పనిలో చేరిన నర్సు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

సంగీతం మాస్టారి ఎలక్ట్రిక్ వాయిద్యంలో రెండు మెట్లు నొక్కితే పలకనప్పుడూ అంతే. చీమకి పైస్థాయి స్వరాలంటే మక్కువ ఎక్కువని, అందుకే ఆ రెంటి కిందే కాపురం పెట్టిందని తేల్చారు. మెట్ల సందున బిస్కెట్టు పొడి కూడా దొరికింది. చీమ తన భోజనం తనే తెచ్చుకుందని దానికీ సమాధానం చెప్పారు. తలుపు చాటున నిలబడిన మాస్టారి చిన్నకూతురు ఆ మాట విన్నాకే మూతి తుడుచుకుంది.

ఊరందరూ ఈ చీమల గోలను నవ్వుకుంటూ భరించారు గాని, ప్రెస్సు అమ్మగారు మాత్రం భరించలేకపోయారు.

అమ్మగారిది కింద ప్రెస్సు, పైన ఇల్లు. కొడుకు అచ్చు మిషను చూసుకుంటాడు. కోడలు కంప్యూటరు మీద పుటలు తయారుచేస్తుంది. అమ్మగారు కౌంటరు దగ్గర కూర్చుని ఆ ఇద్దర్నీ చూసుకుంటారు. ఆ ఇంట్లో ఆవిడ మాట అచ్చయిపోయిన కాగితం, ఇక దిద్దుబాట్లు ఉండవు. తప్పు ఎవరు చేసినా నలుగురి ముందు నిలబడి ఒప్పుకోవాలన్నది ఆవిడ మతం. గ్లాసు పగిలితే ముక్కలు ఎత్తడానికి ముందు ఎవరు పగలగొట్టారో తేలాలి. తేలేదాకా అందరూ ఆ ముక్కల చుట్టూ నిలబడాలి.

అలాంటి ఆవిడ ప్రెస్సులో కాగితం కోసే మిషను ఆగిపోయినప్పుడు చీమల డాక్టరుగారు వచ్చి చీమను చూపించారు. అమ్మగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు.

"ఏమయ్యా, ఇంత ఇనుప మిషన్ని ఈ చీమ ఆపిందా? దీనికి వేరే పనేం లేదా?"

"చీమ ఊరికే కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా అమ్మగారూ?" అన్నారాయన.

అమ్మగారికి జవాబు తోచలేదు. ఆవిడకి జవాబు తోచకపోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. అప్పటినుంచి ప్రెస్సుకి ఎవరొచ్చినా ఆ కథ చెప్పి నవ్వించేవారు. బుద్ధి ఉన్నవాడైతే ఎవరి చేతిలో చెడిందో కనుక్కుని చెప్పాలి గాని, నోరులేని జీవి మీదికి తోస్తాడా అనేవారు. ఆ మాటలు డాక్టరుగారి చెవిన పడకుండా ఉండవు. ఆయనకి మాత్రం చీమకుట్టినట్టయినా ఉండేది కాదు.

అమ్మగారి శాసనాల్లో అన్నిటికన్నా గట్టిది పేకాట శాసనం. కొడుక్కి ఒకప్పుడు కంప్యూటరులో ఒంటరిగా పేక ఆడుకునే అలవాటు పట్టుకుంది. అమ్మగారు పట్టపగలు పట్టుకున్నారు. ఇకమీదట ఆ తెర మీద పేకముక్క కనిపిస్తే, ఆడినవాళ్ళకి ఈ ఇంట్లో ఆ పూట అన్నం లేదని కౌంటరు దగ్గర నిలబడి ప్రకటించారు. అప్పుడు కవర్లు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కూడా భయపడ్డారు. ఆ రోజునుంచి కొడుకు మళ్ళీ ఆ ఆట వైపు చూడలేదు.

చూసింది అమ్మగారే. అబ్బాయిని అంతగా లాక్కున్నది ఏమిటో తెలుసుకోవాలి కదా అనుకుని, కోడలు భోజనానికి పైకి వెళ్ళినప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నారు. శత్రువు బలం తెలుసుకోవడం పెద్దరికం. మొదటి రోజు కొంత తెలుసుకున్నారు. రెండో రోజు ఇంకొంచెం తెలుసుకున్నారు. ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం తెలుసుకుంటూనే ఉన్నారు. కోడలు దిగివచ్చే వేళకి ఆట మూసేసి, కంప్యూటరు మీద తను స్వయంగా కుట్టిన తొడుగు వేసి, కౌంటరు దగ్గరికి చేరుకునేవారు. దుమ్ము పడుతుందమ్మా అనేవారు. అత్తగారి శ్రద్ధకి కోడలు మురిసిపోయేది.

ఆ కంప్యూటరు పాతది. తెర వేరు, పెట్టె వేరు అని లేకుండా అంతా ఒకే పలకలో ఇమిడిపోయిన రకం. అమ్మగారు కుట్టిన తొడుగు దానికి చంటిపిల్ల తలకి టోపీలా బిగుతుగా పట్టేది.

ఒకరోజు ఆట మంచి పట్టులో ఉంది. అమ్మగారు ముక్క ఎత్తబోతుండగా మెట్ల మీద కోడలి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంత పెందలాడే దిగుతుందని ఎవరనుకున్నారు? ఆట మూసే వ్యవధి లేదు. అమ్మగారు తొడుగు అందుకుని, రెండు చేతులతో కంప్యూటరు మీదికి లాగి బిగించి, అప్పుడే తుడవడం ముగించినట్టు పక్కకి జరిగారు. కోడలు నేరుగా కంప్యూటరు దగ్గరికే వచ్చింది. తొడుగు మీద చెయ్యి వేసింది. అమ్మగారు కళ్ళు మూసుకున్నారు.

ఏ కేకా వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే తెర నల్లగా ఉంది. పేకముక్కలు లేవు, ఏమీ లేవు. బతికానురా దేవుడా అనుకున్నారు అమ్మగారు. ఆ సంతోషం కోడలి ముఖం చూసేదాకే నిలిచింది.

కోడలు మౌస్ కదిపింది. మీటలు నొక్కింది. కింద చిన్న దీపం వెలుగుతూనే ఉంది, లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది, తెర మాత్రం నల్లరాయిలా ఉండిపోయింది. కోడలు నుదురు పట్టుకుని కూర్చుంది. బడి పిల్లల సంచిక మర్నాడు పొద్దున్నే మిషను ఎక్కాలి. పిల్లలు కోడిగీతల్లో రాసిచ్చిన కథలూ పాటలూ చదువుకుంటూ, పొద్దున్నుంచి తల ఎత్తకుండా పుటలు నింపింది. అంతా పూర్తయ్యాక ఒకేసారి భద్రపరుద్దామనుకుని, ఆకలేసి అలాగే వదిలి పైకి వెళ్ళింది. పెద్ద పని ఒకటి ఆ ప్రెస్సు తనని నమ్మి అప్పగించడం ఇదే మొదటిసారి.

కొడుకు చేతులకి సిరాతో వచ్చి చూశాడు. ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుందన్నాడు. ఆపితే పొద్దున్నుంచి చేసిందంతా గాలికి పోతుందని కోడలు కంప్యూటరుకి అడ్డం నిలబడింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, మీరేమైనా ముట్టుకున్నారా? మళ్ళీ ఆ పేకాట గాని మొదలుపెట్టారా?"

కొడుకు లేదని ఒట్టు వేశాడు. పేకాట మానేసినవాడి ఒట్టు ఎవరు నమ్ముతారు? కోడలు నమ్మలేదు. కళ్ళనిండా నీళ్ళతో, తెలిసి చేసినా తెలియక చేసినా చెప్పెయ్యమంది. కొడుకు దిక్కుతోచక తల్లి వైపు చూశాడు. తప్పు తేలేదాకా ఎవర్నీ వదలని తల్లి ఇప్పుడైనా న్యాయం చెబుతుందని ఆశపడ్డాడు.

వేడెక్కిన యంత్రానికి తనే ముసుగేసి ఊపిరాడకుండా చేశారని అమ్మగారికి అర్థమైపోయింది. ఇది పొరపాటు కూడా కాదు, హత్య. ఒప్పుకోవాలి. నేనే అనాలి. ఆ తర్వాత ఎందుకు అని అడుగుతారు. ఆట సంగతి బయటికొస్తుంది. శాసనం చేసిన నోటితోనే దొంగనని చెప్పుకుని, రేపటినుంచి కౌంటరు దగ్గర ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? చెప్పకపోతే ఆ నింద అబ్బాయి మీద ఉండిపోతుంది. మాట పెదవులదాకా వచ్చి, వచ్చిన దారినే వెనక్కి పోయింది. దాని బదులు ఇంకో మాట బయటపడింది.

"ఆ చీమల డాక్టర్ని పిలవండి."

కొడుకూ కోడలూ తగువు మర్చిపోయి ఆవిడ వంక చూశారు.

చీమల డాక్టరుగారు వచ్చారు. స్టూలు మీద కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. నిశ్శబ్దం అడిగారు. కంప్యూటరు వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు.

"ఊపిరి బాగానే ఆడుతోంది" అన్నారు.

అమ్మగారికి సగం ప్రాణం లేచివచ్చింది. ఆయన కీబోర్డు మీద పెద్దక్షరాల మీట నొక్కారు. మూలన చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది. పిలిస్తే పలుకుతోంది కాబట్టి తెలివి కూడా ఉందని, ముఖం ఒక్కటే చీకటైందని చెప్పారు. ఆపవద్దని కోడలు బతిమాలితే, కునుకు తీస్తున్నవాడిని లేపడానికి చంపి బతికించే వైద్యం తనది కాదన్నారు.

"చూడమ్మా, తెరలో బొమ్మ ఉంటుంది, బొమ్మ వెనక దీపం ఉంటుంది. ఇప్పుడు పోయింది బొమ్మో దీపమో తేలాలి. దీపం ఒక్కటే ఆరితే, టార్చి వేసి ఏటవాలుగా చూస్తే బొమ్మ లీలగా అవుపిస్తుంది. ఇంత వెలుతురులో మాత్రం అవుపించదు."

మిషను మీద కప్పే పెద్ద నల్లగుడ్డ తెప్పించారు. దాని కింద కంప్యూటరుతో సహా తానూ దూరతానన్నారు. టార్చి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కొడుకు చేతులు సిరా, కోడలి చేతులు వణుకు. డాక్టరుగారు అమ్మగారి వైపు చూసి, మీ చెయ్యి నిబ్బరంగా ఉంటుంది, మీరు రండి అన్నారు. వెనక్కి తగ్గడానికి అమ్మగారికి ఒక్క సాకూ తోచలేదు.

గుడ్డ కింద ఉక్కగా ఉంది, సిరా వాసన వేస్తోంది. అమ్మగారు టార్చి వేశారు. ఎదురుగా వేస్తే వాళ్ళిద్దరి ముఖాలే కనిపించాయి. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని టార్చిని పక్కకి వంచారు. తెర లోపలినుంచి ఏదో మెల్లగా తేలింది. పిల్లల కథలు కావు. వరసలు వరసలుగా దీర్ఘచతురస్రాలు. ఒక దాంట్లో రాణి. ఇంకో దాంట్లో రాజు, చేతిలో కత్తి.

టార్చి వణకడం మొదలుపెట్టింది. రాజూ రాణీ జాకీలూ అందరూ కలిసి తెర మీద తైతక్కలాడారు. డాక్టరుగారు ముక్కల వంక చూశారు, తర్వాత టార్చి వంక, తర్వాత టార్చి పట్టుకున్న చెయ్యి వంక చూశారు. చివరికి ఆ చెయ్యి ఎవరిదో ఆ ముఖం చూశారు. అమ్మగారు ఆయన కళ్ళలోకి చూడలేక గుడ్డ చిరుగు వైపు చూశారు. ఈ మనిషిని ఇన్నాళ్ళు ఎన్నెన్ని మాటలన్నారో అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆయన వంతు. ఒక్కమాట చాలు.

"ఏమైనా కనిపించిందా అండీ?" అని బయటినుంచి కోడలు అడిగింది.

"కనిపించిందమ్మా" అన్నారు డాక్టరుగారు. గొంతులో ఏ తేడా లేదు. "చీమ."

బయట కొడుకు చిన్నగా నిట్టూర్చాడు, ఇది మామూలేనన్నట్టు.

డాక్టరుగారు టార్చి వెలుగులోనే రెండు మీటలు కలిపి నొక్కారు. ఆట మూసుకోబోతూ ఒక ప్రశ్న వేసింది. ఈ ఆటను తర్వాత ఆడటానికి దాచమంటారా, వదిలేయమంటారా అని. ఆయన అది చదివి, అమ్మగారి వైపు తిరిగి, కనుబొమలు ఎగరేశారు. నల్లగుడ్డ కింద ఎంత హుందాతనం సాధ్యమో అంత హుందాగా అమ్మగారు తల ఊపారు. దాచమని.

ముక్కలు మాయమై, వాటి వెనకనుంచి పిల్లల పుటలు నీళ్ళ అడుగున అక్షరాల్లా తేలాయి. ఆయన ముందుగా వాటిని భద్రపరిచారు. ఆ తర్వాత తెర అంచు వెంబడి వేలు పాకించారు. పక్కన, చూస్తే కనపడనట్టు అంచులో కలిసిపోయిన మీట ఒకటి తగిలింది. తెర దీపాన్ని ఆర్పే మీట అది. తొడుగు బిగించి లాగినప్పుడు పడిన చెయ్యి సరిగ్గా అక్కడే పడింది. ఆయన తొడుగు బిగుతు వేళ్ళతో కొలిచి చూపించి, తల పంకించారు.

అంతటితో కాలేదు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశారు. అందులో కళ్ళజోడు లేదు. తెల్లని దూది పరిచి ఉంది, దాని మీద చచ్చిన చీమలు వరసగా పడుకుని ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, ఎర్రవి, నల్లవి. ఒకటి రెక్కలది కూడా ఉంది, పెద్ద ఇళ్ళ పనికి కాబోలు. అమ్మగారు నోరు తెరిచి చూస్తుండగానే, కంప్యూటరు స్థాయికి తగిన దాన్ని ఒకదాన్ని ఏరి పటకారుతో పట్టుకున్నారు. రెండో చేత్తో మీట నొక్కారు.

గుడ్డ కింద తెల్లారిపోయింది. ఆయన గుడ్డ తీసి పక్కకి విసిరేశారు.

కోడలు ఒక్క అంగలో తెర దగ్గరికి వచ్చింది. మొదటి పుట, ఆ తర్వాతది, చివరిది, అన్నీ ఉన్నాయి. ఒక్క కామా కూడా పోలేదు. ఏడుస్తున్న కళ్ళతోనే నవ్వింది. కొడుకు సిరా చేతులతో చప్పట్లు కొట్టి, ఆ చేతులతోనే జుట్టు వెనక్కి తోసుకుని నుదురంతా నల్లగా చేసుకున్నాడు. అచ్చు మిషను మొదటిసారి కొన్న రోజున కూడా ఆ ఇంట్లో అంత సందడి లేదు.

"ఇదిగో ముద్దాయి" అని డాక్టరుగారు తెల్లకాగితం చాపారు. "ఈ అంచున దీపం ఆర్పే మీట ఉందమ్మా. ఉందని చాలామందికి తెలియదు. ఇది దాని సందులో ఇరుక్కుని గింజుకుంది, మీట నొక్కుకుంది, దీపం ఆరింది. కంప్యూటరుకి ఏ రోగమూ లేదు. ఆ తొడుగు మాత్రం కాస్త వదులుగా కుట్టించండి. బిగుతుగా ఉంటే చీమలు కంగారుపడతాయి."

కోడలు మొగుడి దగ్గరికి వెళ్ళి, అనవసరంగా మాట అన్నానని, కడుపులో పెట్టుకోవద్దని చెప్పింది. కొడుకు ఆ చీమ వంక తోడబుట్టినవాడిని చూసినట్టు చూశాడు. దాన్ని పారేయవద్దని, పటం కట్టిస్తానని అన్నాడు. ఆ తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఇంత యంత్రాన్ని చీమ ఆపిందంటే నమ్ముతావా?"

అందరూ ఆవిడ వంకే చూశారు. అమ్మగారు కళ్ళజోడు సవరించుకుని వంగి, చీమను తల నుంచి తోక దాకా పరీక్షించారు.

"చీమే" అన్నారు. "నేను దగ్గరుండి చూశానుగా."

జీవితంలో అంత పెద్ద అబద్ధం ఆవిడ ఎన్నడూ ఆడలేదు, ఏ నిజమూ అంత తేలిగ్గా నోటికి రాలేదు. ఆ వెంటనే, ఒకరి మీద అనుమానపడేముందు ఆలోచించాలమ్మాయ్ అని కోడలికి చెప్పారు. భోజనం చేశాక ఎవరైనా కాసేపు పేక ఆడుకుంటే కొంపలేం మునిగిపోవని, బుర్రకి విశ్రాంతని ఇంకో మాట కూడా అన్నారు. కొడుకు దగ్గరికొచ్చి, ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడిగాడు.

కోడలు పెట్టిన టీ అమ్మగారు తనే వీధి గుమ్మం దాకా తెచ్చి ఇచ్చారు. డాక్టరుగారు అరుగు మీద కూర్చుని ఊదుకుంటూ తాగుతున్నారు. అమ్మగారికి ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. పళ్ళ ఆసుపత్రిలో ఆ నర్సు ఇప్పటికీ పనిచేస్తోంది, ఊళ్ళో అంత ఓపికగల నర్సు లేదంటారు. ఇక తమ కాగితం కోసే మిషను ఆగిన రోజున అబ్బాయి పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు, దాని స్క్రూడ్రైవరు ఒకటి తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. ఆ రోజు చీమ దొరక్కపోయి ఉంటే, ఆ ఇనుప మిషను చుట్టూ అందర్నీ నిలబెట్టి తనేం చేసి ఉండేవారో ఆవిడకి బాగా తెలుసు.

"ప్రతిసారీ ఎవరు చేశారో నీకు తెలుస్తూనే ఉంటుందన్నమాట" అన్నారు.

"చూస్తే తెలిసిపోతుంది అమ్మగారూ. పది మందిలో ఒకరే చేతులు వెనక్కి పెట్టుకుంటారు."

"మరి చెప్పవేం? ఊరంతా నిన్ను పిచ్చివాడి కింద కడుతున్నారు. అందరికన్నా ఎక్కువ నేనే కట్టాను."

"నాదేముందండీ, పని చూసుకుని వెళ్ళిపోతాను. మీరంతా రాత్రికి ఒకచోట కూర్చుని అన్నం తినాలి కదా" అన్నారు డాక్టరుగారు. "చీమకైతే ఎవరి ఎదటా కూర్చునే పని లేదు."

అమ్మగారికి చాలా సంతోషమేసింది. నీలాంటివాడు వీధికొకడుండాలయ్యా అని పైకే అనేశారు. అలాంటి మాట ఆవిడ ఎవరితోనూ అనగా ఎవరూ వినలేదు. డాక్టరుగారు సిగ్గుపడి టీ త్వరగా తాగేసి, గ్లాసు పక్కన పెట్టి లేచారు. మెట్టు దిగబోతూ ఆగి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఒక్క మాట అమ్మగారూ, ఏమీ అనుకోకండి. అక్కడ ఎర్ర తొమ్మిది ఖాళీగా ఉంది. చేతికొచ్చిన ఇస్పేటు ఎనిమిది దాని మీద వేసెయ్యాల్సింది."

అమ్మగారు సిగ్గూ భయమూ మర్చిపోయి నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"అది వేసేస్తే కళావరు ఎనిమిదిని ఎక్కడ పెట్టమంటావయ్యా? దాని కింద ముక్కలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఆ కళావరునే ఎత్తబోతున్నాను, ఇంతలో మెట్ల మీద చప్పుడైంది."

డాక్టరుగారు వీధిలో నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఆట మొత్తాన్ని గాలిలో వేలితో పరుచుకుని, ముక్కలు అటూ ఇటూ మార్చి చూసుకున్నారు. వెళ్తున్న సైకిలతను ఒకడు ఆయన్ని తప్పించుకుని పోయాడు. చివరికి కళ్ళు తెరిచి తల వంచారు.

"ఒప్పుకున్నాను. తప్పు నాదే. టార్చి వణికిపోయింది కదండీ, కళావరు నాకు అవుపించలేదు."

"నాకు కనిపించింది" అన్నారు అమ్మగారు. ఖాళీ గ్లాసు తీసుకుని, తల ఎత్తుకుని లోపలికి వెళ్ళి కౌంటరు దగ్గర కూర్చున్నారు.